ఎడమకాలి పాఠము

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలయందు పాఠశాల ఆటస్థలము ఆటస్థలముగా నుండదు. అవి మిరపకోతల దినములు. కాయలు ఎండబెట్టుటకు తమ కల్లములు చాలక రైతులు ప్రధానోపాధ్యాయుని అనుమతి నడిగియు, కొందరు అడుగకయు, ఆ చోటనే కాయలు పోయుదురు. నేలయంతయు ఎఱ్ఱని తివాచి పఱచినట్లుండును. ఆ ఘాటునకు తరగతిలోని పిల్లలు తుమ్ముచుందురు. అప్పుడు బంతియాట ఊరి వెలుపలికి పోవును. పత్తితీత ముగిసి, మోళ్లు పీకివేసిన చేనొకటి దొరకినచో చాలును. రెండు పత్తికట్టె మోపులు నిలిపిన గోలు సిద్ధమగును. అక్కడి నేల నెఱ్ఱెలు విచ్చి యుండును. పల్లేరుకాయలు కాలిలో దిగుచుండును. నేలబడిన బంతి ఏ దిక్కునకు ఎగురునో చెప్పుట కష్టము. ఐనను చీకటి పడి బంతి కానరాకుండువఱకు పిల్లలు ఇల్లు చేరరు.

ఇట్లు ఆడు జట్టులను ముప్పదియేండ్లకు పైగా చూచిన నాకు ఒక సంగతి ఎప్పుడును వింతగా తోచుచుండెడిది. పాఠశాల జట్టునందు గాని, కళాశాల జట్టునందు గాని ఆటగాండ్రు నిలువరు. మూడేండ్లో, నాలుగేండ్లో ఆడి, ఆట బాగుగా వంటబట్టిన వేళకు పరీక్షలు వ్రాసి వెడలిపోవుదురు. పోలీసు జట్టు ఆటగాడు పదేండ్లు ఆ జట్టులోనే యుండవచ్చును. కళాశాల జట్టునకు ఆ భాగ్యము లేదు. పదునొకండుగురును మాఱిపోయిన పిమ్మట కూడ మనము దానిని ఆ జట్టే యని యెట్లు పిలుచుచున్నాము? చొక్కా రంగు మాఱలేదు గనుకనా? బీరువాలో పాత కప్పు ఉన్నది గనుకనా? కప్పులను నేను తక్కువచేసి మాటాడుట లేదు. వానిని తుడిచిపెట్టించుటలో నాకును కొంత గర్వముండెడిది. కాని బీరువాలోని కప్పు క్రొత్తగా వచ్చిన బాలునకు బంతిని ఎట్లు తన్నవలయునో నేర్పజాలదు.

నేను బాలుడనై యున్నప్పుడు మా యూరి పాఠశాలకు హైదరాబాదులో శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులొకరు వచ్చిరి. ఆట ముగిసిన పిదప ఆయన బంతిపై కూర్చుండి, మమ్ము చుట్టును కూర్చుండబెట్టుకొని, ఆ నగరపు ఆటగాండ్ర కథలు చెప్పెడివారు. నా ప్రశ్నకు సమాధానము ఆ కథలలో నున్నదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆయన చెప్పినవియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నవియు కలిపి ఇక్కడ వ్రాయుచున్నాను.

హైదరాబాదున మూసీనదికి దక్షిణపుటొడ్డున, ఉన్నత న్యాయస్థానమునకు చేరువగా, గుమ్మటములతో ఒక గొప్ప భవనము కలదు. అదియే సిటీ కళాశాల. ఆ భవనము 1921వ సంవత్సరమునకు సిద్ధమైనది. మొదట అది ఉన్నత పాఠశాల. ఆ యేటనే ముప్పదిమంది విద్యార్థులతో ఇంటర్మీడియేటు తరగతులు కూడ మొదలైనవి. 1929లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల యై సిటీ కళాశాల యను పేరు పొందెను. ఇట్టి చిన్న కళాశాలలో చదువుచున్నవారును, చదివి వెడలినవారును కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టుగా ఏర్పడిరి. దానికి ‘ఎలెవన్ హంటర్స్’, అనగా పదునొకండుగురు వేటగాండ్రు, అని పేరు పెట్టుకొనిరి.

ఈ పేరుకంటె ఆ జట్టు కూర్పును మీరు గమనింపవలయును. చదువు ముగిసినవారు కళాశాలను విడిచిరి గాని మైదానమును విడువలేదు. పదునెనిమిదేండ్ల విద్యార్థి ప్రక్కన ముప్పదియేండ్ల పూర్వవిద్యార్థి ఆడుచుండెను. పెద్దవాడు ఎప్పుడు పరుగెత్తునో, ఎప్పుడు ఆగునో, ఓడినప్పుడు ముఖమెట్లు పెట్టుకొనునో చిన్నవాడు ప్రక్కనుండి చూచును. మన యిండ్లలో ఆవకాయ కలుపుట ఎవరును పుస్తకము చూచి నేర్వరు. అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి ఉప్పు కారముల పాళ్లు కంటితో పట్టుకొందురు. ఆటయు అంతియే.

ఆ జట్టులో ఆడినవారిలో సయ్యద్ అబ్దుల్ రహీం ఒకడు. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆ విశ్వవిద్యాలయపు జట్టులోను ఆడెను. వృత్తిచేత ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్లనున్న పాఠశాలలలో పాఠములు చెప్పెను. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటపాటల బాధ్యతను తలకెత్తుకొనెను. మన దేశపు ఫుట్‌బాల్ శిక్షకులలో అగ్రగణ్యుడని నేటికిని చెప్పబడు మనుష్యుడు సుద్దముక్క పట్టిన పంతులగుట చూచి నావంటివానికి కొంత సంతోషము కలిగినచో తప్పుపట్టకుడు.

రహీం పిల్లలకు నేర్పిన పద్ధతి విచిత్రమైనది. సాధారణముగా శిక్షకుడు బాలునకు ఏది బాగుగా వచ్చునో దానికి మెఱుగు పెట్టును. రహీం దానిని వాని యొద్దనుండి కొంతకాలము తీసివేయుచుండెను.

ఆయన నడపిన పోటీలలో ఒక విధమైన పోటీయందు డ్రిబ్లింగు నిషిద్ధము. బంతిని కాళ్ల నడుమ ఆడించుకొనుచు, ఎదిరివానిని ఏమఱించి ముందుకు సాగుటను డ్రిబ్లింగు అందురు. చూచువారికి ఇంతకంటె కన్నుల పండువ లేదు. చప్పట్లన్నియు దానికే. రహీం దానిని ఏల నిషేధించెను? మీరే ఆలోచింపుడు. ఎంత వేగముగా పరుగెత్తువాడైనను తన్నిన బంతికంటె వేగముగా పోజాలడు. ఒకడు బంతిని తనయొద్ద నుంచుకొన్నంతసేపు ఎదిరిజట్టువారికి తమ తమ స్థానములకు చేరుటకు వ్యవధి దొరకును. బంతి వచ్చినదే తడవుగా, ఒక్క తాకుతోనో రెండు తాకులతోనో మఱియొకనికి అందించినయెడల వారికి ఆ వ్యవధి యుండదు. అయితే అట్లు అందింపవలయునన్న, బంతి తన కాలికి చేరకముందే ‘నా జట్టువాడు ఎక్కడ నున్నాడు, ఎవడు ఖాళీగా నున్నాడు’ అని చూచుకొని యుండవలయును. చూపు బంతిమీద గాక మైదానముమీద నిలుపుట ఇందువలన అలవడును. డ్రిబ్లింగు చేయరాదని శాసించినప్పుడు ఆ చూపు నేర్వక గత్యంతరము లేదు.

వేఱొక పోటీయందు వాటములేని కాలితోనే ఆడవలయును. కుడికాలి వాటముగలవాడు కుడికాలితో బంతిని తాకరాదు. మొదటి దినమున ఎట్టి ఆటగాడైనను అప్పుడే నడక నేర్చుచున్న శిశువువలె తడబడును. నిన్నటివఱకు చప్పట్లు కొట్టించుకొన్నవాడు నేడు నవ్వులపాలగును. ఆ సిగ్గును కొన్ని వారములు ఓర్చుకొన్నవానికి రెండవకాలు వశమగును. ఎదిరివాడు ‘వీడు కుడిప్రక్కకే తిరుగును’ అని కాచుకొని యుండుటకు వీలులేదు. ఒంటికాలి ఆటగాడు రెండుకాళ్ల ఆటగాడగును.

ఇక బూట్ల సంగతి. ఆ కాలమున మన దేశపు ఆటగాండ్రలో పలువురు వట్టికాళ్లతోనే ఆడుచుండిరి. కొందరు చీలమండకు గుడ్డపట్టీ చుట్టుకొనెడివారు. దీనిని దారిద్ర్యమని మాత్రమే తలపరాదు. కాలివ్రేళ్లతో బంతిని ఆపుట, త్రిప్పుట వారికి చేతివ్రేళ్లతో చేసినట్లుండెను. 1948లో లండను ఒలింపిక్సునందు మన జట్టులో చాలమంది వట్టికాళ్లతోనే ఆడి, ఫ్రాన్సు జట్టుతో 2-1 గోలుల తేడాతో మాత్రమే ఓడిరి. కాని నాలుగేండ్లకు, 1952లో హెల్సింకి నగరమున, చలిలో, తడి నేలపై యుగోస్లావియా జట్టు మనవారిని 10-1 గోలులతో ఓడించెను. ఆ పరాజయము తరువాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసెను. సంప్రదాయమని దేనినైనను పట్టుకొని వ్రేలాడువారికి హెల్సింకి జ్ఞాపకము రావలయును. వట్టికాళ్ల ఆట గొప్ప అలవాటే. ఆడవలసిన నేల మాఱినప్పుడు దానిని విడువక తప్పలేదు. త్వరగా బంతి నందించుట మాత్రము ఏ నేలపైనైనను పనికివచ్చెను. రహీం మొదటిదానిని వదలి రెండవదానిని నిలుపుకొనెను.

కళాశాల మైదానమున పుట్టిన ఈ పద్ధతి పోలీసు జట్టులో పెరిగి పెద్దదైనది. రహీం 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు గెలిచెను. 1950లో డ్యురాండ్ కప్పునకై కలకత్తా మోహన్ బగాన్ వంటి మహాజట్టును ఓడించెను. ఆ కప్పును పిమ్మట 1954, 1957, 1961 సంవత్సరములలోను గైకొనెను. రాష్ట్రజట్టుల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ 1956, 1957 సంవత్సరముల పోటీలలో హైదరాబాదునకు దక్కెను.

ఈ అంకెలు మీరు మఱచిపోయినను మఱవవచ్చును గాని తులసీదాస్ బలరాం సంగతి మఱవకుడు. బలరాం 1936లో సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పుట్టెను. బూట్లు కొనుటకు డబ్బు లేక, పోలీసువారి పాత బూట్లను చర్మకారునిచేత ఆటకు తగినట్లు కుట్టించుకొనెనట. రహీం ఈ కుఱ్ఱవాని ఆట చూచి, శిక్షణకు రమ్మని పిలిచెను. మైదానము చాల దూరము. రాకపోకలకు పైకము లేదని బలరాం చెప్పెను. అప్పుడు రహీం సైకిలు అద్దెకు తెచ్చుకొని రమ్మని దినమునకొక రూపాయి చొప్పున ఇచ్చెను. ఈ మాట బలరాం పెద్దవాడైన పిదప స్వయముగా చెప్పుకొన్నది. ఆ రూపాయి ఏ కప్పుల జాబితాలోను కానరాదు. ఆ సైకిలు త్రొక్కిన కుఱ్ఱవాడు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకును, 1960లో రోము ఒలింపిక్సునకును పోయి దేశము తరపున ఆడెను. రోములో హంగరీ జట్టుమీదను, పెరూ జట్టుమీదను గోలులు చేసెను. ఆయన 2023లో కీర్తిశేషుడయ్యెను.

మెల్బోర్నులో మన జట్టునకు శిక్షకుడు రహీమే. బలరాం, అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్ మొదలైన హైదరాబాదువారు పలువురు ఆ జట్టులో నుండిరి. 1956 డిసెంబరు 1న ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని మనవారు 4-2 గోలులతో గెలిచిరి. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాల్ ఆటలో ఒకే పందెమున మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో యుగోస్లావియా చేతిలోను, మూడవ స్థానపు ఆటలో బల్గేరియా చేతిలోను ఓడి మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్సు ఫుట్‌బాల్ లో మన దేశము అంతకంటె పై మెట్టు నేటివఱకు ఎక్కలేదు. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలుచు వ్యూహమును, 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ జట్టు దానిని లోకప్రసిద్ధము చేయుటకు ముందే, రహీం మనవారికి అలవఱచెనని క్రీడాచరిత్రకారులు చెప్పుదురు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి రహీం క్యాన్సరు వ్యాధితో బాధపడుచుండెను. అక్కడ మన జట్టునకు పరిస్థితులు అనుకూలముగా లేవు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియాతో ఓటమి. రక్షణపంక్తిలో మొనగాడైన జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. ఇజ్రాయెల్, తైవాను దేశముల క్రీడాకారులకు ప్రవేశము నిరాకరించుటను ఒక భారతీయ క్రీడాధికారి ఆక్షేపించుటచేత అచటి ప్రేక్షకులు మనవారిపై కోపముగా నుండిరి. అప్పుడు రహీం చేసినదేమి? తల గాయము మానని జర్నైల్ సింగును రక్షణపంక్తి నుండి తప్పించి, ముందుపంక్తి నడుమ నిలిపెను. వాటములేని కాలితో ఆడించిన పంతులు వాటములేని స్థానమున ఆడించెను. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో, ఇంచుమించు లక్షమంది గేలిచేయుచుండగా, ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు ఒక గోలును చేసిరి. తమ్ము మొదట ఓడించిన దక్షిణ కొరియానే మనవారు 2-1తో గెలిచి బంగారు పతకము గైకొనిరి. తొమ్మిది మాసములకు, 1963 జూన్ 11న, రహీం మరణించెను.

ఆయన పోయిన వెంటనే ఆట పోలేదు. 1965వ సంవత్సరపు సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ జట్టు గెలిచెను. ఆయన చేతిమీదుగా ఎదిగినవారు ఇంకను ఆడుచుండిరి గదా. కాని బావిలో ఊట తగ్గినది పైవారికి వెంటనే తెలియదు. మంచి ఆటగాండ్రు జీవనోపాధికై కలకత్తా క్లబ్బులకు తరలిపోవుట అంతకుముందే మొదలైయుండెను. వెళ్లినవారి ప్రక్కన ఆడి నేర్చుకొనవలసిన చిన్నవారు ఒంటరివారైరి. పట్టణము పెరిగిన కొలది ఆటమైదానములు తఱిగిపోయెను. క్రికెట్టు ఇంటింటికిని వచ్చెను. క్రికెట్టుపై నాకు ద్వేషము లేదు గాని, ఒక్క ఆట ఊరంతయు ఆక్రమించుట ఏ ఆటకును మంచిది కాదు. 2019లో హైదరాబాదు పేర వృత్తి ఆటగాండ్ర క్లబ్బు ఒకటి ఏర్పడి, 2022లో ఇండియన్ సూపర్ లీగు విజేతయైనది. సంతోషమే. కాని ధనమిచ్చి కూర్చిన జట్టు వేఱు, ఒక కళాశాల గోడ ప్రక్కన తానై మొలచిన జట్టు వేఱు.

ఇప్పుడు మా పత్తిచేనికి తిరిగి వత్తును. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న ఒక పల్లె పాఠశాలలో మంచి జట్టుండెను. అందులో ఒక బాలుడు బంతి దొరకినచో ఎవరికిని ఇచ్చెడివాడు కాడు. ముగ్గురిని దాటును, నాలుగవవాని యొద్ద పోగొట్టుకొనును. ఊరివారందఱును వానిని చూచుటకే వచ్చెడివారు గనుక నేనును ఏమియు ననలేదు. మండలపు పోటీలకు ఇరువది దినములున్నవనగా నాకు మా పాత మేష్టారి కథ జ్ఞాపకము వచ్చెను. పిల్లలందఱి కుడికాళ్లకు గుడ్డపేలికలు కట్టించితిని. గుడ్డ కట్టిన కాలు బంతికి తగిలినచో బంతి ఎదిరిజట్టువారిది. ఆ బాలుడు రెండు దినములు ఆడి, మూడవనాడు మిరపకోతకు పోవలయునని చెప్పి మానివేసెను. అది నిజము కాదని నాకు తెలియును. ఆ వారము వాండ్ల చేనిలో కోత లేదు. ఆ యేడు మేము మొదటి ఆటలోనే నాలుగు గోలులతో ఓడితిమి. ఎడమకాళ్లు ఇంకను కుదురలేదు, కుడికాళ్ల ధైర్యము పోయినది. ఊరివారు నన్ను తిట్టినది న్యాయమే. ఇరువది దినములలో కాని పనిని ఇరువది దినములలో చేయబూనుట నాదే పొరపాటు. పోటీలు ముగిసిన మఱునాడు మొదలుపెట్టవలసిన పని యది.

మఱుసటి యేడు అట్లే మొదలుపెట్టితిమి. ఆ బాలుడు వర్షాకాలమున తనంతట తానే తిరిగి వచ్చెను. ఏమియు నడుగక గుడ్డపేలిక ఒకటి తీసి కాలికి కట్టుకొనెను. ఆ తరువాతి ఆటలలో వాడు చేసిన గోలులు తగ్గెను. జట్టు గోలులు పెరిగెను. మాకు కప్పు వచ్చినదా యని మీరడుగుదురు. రాలేదు. సెమీఫైనలు వఱకు పోతిమి.

నేను ఉద్యోగవిరమణ చేసిన చాలకాలమునకు ఒక పెండ్లికై ఆ యూరికి పోయితిని. అది ఫాల్గుణమాసము. బడి ఆవరణలో యథాప్రకారము మిరపకాయలు ఎండుచుండెను. సాయంకాలము చేలగట్టున నడుచుచుండగా పత్తి పీకిన చేనిలో పిల్లలు బంతి యాడుచు కనబడిరి. అందఱి కుడికాళ్లకును పేలికలు చుట్టియుండెను. ఒకనిది పాత చొక్కా చేయి, ఇంకొకనిది ఎరువుల సంచి పీలిక. గోలు కాచుచున్న చిన్నవానిని పిలిచి, ‘ఆ గుడ్డలేమిటి నాయనా?’ అని యడిగితిని. వాడు నన్నెఱుగడు. ‘పోటీలు లేని రోజుల్లో ఇట్లాగే ఆడాలండి తాతగారూ’ అనెను. ‘ఎవరు చెప్పిరి?’ అని యడిగితిని. వాడు కొంచె మాలోచించి, ‘ఎవరూ చెప్పలేదండి, మా అన్నావాళ్లు ఇట్లాగే ఆడేవాళ్లు’ అని, బంతి తనవైపు వచ్చుచుండగా ఎడమకాలు చాచి పరుగెత్తెను.